దొరను కలుపుకున్న మాట

ఈ ఉదయం జావా దీవిలోని సురబాయాలో, నా పత్రికలో అచ్చయిన ఒక మాట వల్ల డచ్చి దొరకు ఆకలి వేస్తోంది.

ఆయన నా అచ్చాఫీసులోకి వస్తాడు. పేరు వాన్ హుస్టర్. పత్రికల మీద నిఘా ఆయన పని. ఒక చేతిలో నా పత్రిక, ఇంకో చేతిలో ఖాళీ గువ్వ పంజరం. జప్తు చేసిన మాటను పట్టుకెళ్లడానికట. బల్ల మీది అరటిపళ్లు తొక్కలతో సహా తినేస్తాడు. బెల్టు నడుము చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉంది.

"'చెరకు తోటల్లో మనం ఆకలితో ఉన్నాం.' ఇది రాసింది నువ్వేనా?"

"నేనే, దొరగారూ."

"పైకి చదివాను. అప్పట్నుంచి ఏం తిన్నా కడుపు నిండటం లేదు. ఇందులో నన్నెందుకు కలిపావు?"

మా మలయ్ భాషలో 'కిత' అంటే మనం. వినేవాడు కూడా అందులో ఉంటాడు. 'కామి' అంటే మేము. వినేవాడు బయట ఉంటాడు. దొర భాషలో రెండింటికీ ఒకటే మాట. తేడా ఆయనకు కడుపు చెబుతోంది.

"మేము అని మార్చి మళ్లీ అచ్చు వెయ్. లేదంటే అదిగో!"

కిటికీలోంచి చూస్తాను. ప్రవాసానికి పంపే ఓడ మా వీధిలోకి వచ్చి, పులుసు అమ్మే బండి వెనక ఆగి ఉంది. అది ఎక్కినవాళ్లు తూర్పు దీవుల అడవుల నుంచి తిరిగి రారు.

అక్షరాలు పేర్చేది నా భార్య లస్మిని. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

"నేను మార్చను, మాస్. కావాలంటే నువ్వే మార్చుకో."

మాస్ అంటే నేనే. జావాలో ఆడవాళ్లు మొగుణ్ణి అలాగే పిలుస్తారు.

నాకు ఓడంటే భయం. 'కిత' తీసి 'కామి' పెడతాను. సరిచూసుకోవడానికి పైకి చదువుతాను: "మేము ఆకలితో ఉన్నాం."

దొర బుగ్గలు నిండుతాయి. తేనుస్తాడు. వింటున్న లస్మిని కూర్చున్న పీట వెనక్కి జారడం మొదలుపెడుతుంది. గది పొడవవుతుంది. పీట గోడ దాటి, వీధి దాటి, నది అవతల ఆగకుండా పోతోంది.

"రాత్రి మిగిలిన అన్నం నీకు పెట్టి నేను నీళ్లు తాగి పడుకున్నాను!" అక్కడి నుంచి అరుస్తుంది. "ఆకలి మీదైతే నేనెవరిని? పక్కింటిదాన్నా?"

ఆమె అచ్చక్షరమంత అవుతోంది. ఇంకాస్త ఆగితే వేళ్లకు కూడా దొరకదు.

'కామి' పీకి పారేస్తాను. 'కిత' బిగించి, నది వైపు తిరిగి అరుస్తాను: "మనం!"

నది మడత పడుతుంది. పీట వచ్చి నా మోకాలికి కొట్టుకుంటుంది.

"ఇంత ఆలస్యమా?" అంటుంది లస్మిని, పీట దిగకుండానే.

దొర బుగ్గలు లోపలికి పోతాయి. "ఓడ ఎక్కు!"

"ఎక్కుదాం పదండి, దొరగారూ."

ఎక్కుదాం అన్నాను కాబట్టి ఆయన కాలే ముందు కదులుతుంది. ఆయన వద్దంటున్నాడు, కాలు వినడం లేదు. వెనక నేను, నా వెనక పీట చంకన పెట్టుకుని లస్మిని.

మెట్టు మెట్టుకూ దొర సన్నబడుతున్నాడు. పైకి చేరేసరికి తన పంజరంలో తనే పడతాడు. లస్మిని గుప్పెడు బియ్యం వేసి, మా ఊళ్లో గువ్వల్ని కట్టినట్టే పంజరాన్ని తెరచాప కొయ్య మీదికి లాగి కడుతుంది.

ఓడ వీధి దిగి నదిలోకి కదులుతుంది. దొర గొంతు సవరించుకుని కూస్తాడు. "కిత. కిత."

ప్రతి కూతకూ ఒడ్డున ఒక ఇల్లు పునాది వదిలి, పొయ్యి ఆరకుండా జాగ్రత్తగా నీళ్లలోకి దిగి, మన వెనకే ఈదుతోంది.