రెండడుగుల వెనక

అయినా ఇద్దరికి ఎన్ని బంగాళాదుంపలు కావాలో ఎవరికి తెలుసు? హాస్టల్ వంటవాడికి రెండువందల మంది లెక్క కొట్టినపిండి. ఇంట్లో లెక్క భార్యది. ఆమె ఆసుపత్రిలో చేరి మూడు రోజులైంది, కూతురు సరిగా తిని రెండు రోజులైంది. ఇవాళ సాయంత్రం తనే నోరు విప్పి, వేడిగా శాండ్‌విచ్, ఫ్రైస్ చేసిపెట్టమంది. ఆ మాటకే అతనికి ప్రాణం లేచొచ్చింది.

దుంపలు తరిగి తలెత్తి చూసేసరికి పెద్ద గిన్నె నిండా ముక్కలు.

"నాన్నా, ఊరందరినీ భోజనానికి పిలిచావా?"

"తక్కువ చెయ్యడం నాకు రాదే తల్లీ."

చిన్న మూకుట్లో ఇరుక్కుని ఫ్రైస్ మెత్తబడ్డాయి. పెనం మీద బ్రెడ్డు ఒకవైపు మాడింది, లోపల చీజ్ మాత్రం కరగలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్క పిల్ల ఆకలికి అక్కరకు రాలేదు. మాడిన వైపు కిందికి తిప్పి ప్లేటు కూతురి ముందు పెట్టాడు. హాస్టల్లో లాగే రెండడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఆ పిల్ల ఒక ముక్క కొరికి ఆగిపోయింది.

"బాలేదా?"

"బానే ఉంది. నువ్వలా వెనక కాపలా కాస్తుంటే ముద్ద దిగట్లేదు. అమ్మయితే పక్కన కూర్చునేది."

వడ్డించేవాడు కూర్చోకూడదని అతని అలవాటు. కానీ అసలు భయం అది కాదని అతనికి తెలుసు. పక్కన కూర్చుంటే అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతుంది. డాక్టరే చెప్పలేని మాట తనేం చెప్పగలడు?

పిల్ల ప్లేటు పక్కకు నెట్టబోయింది.

అతను పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.