గేటు బయట పద్నాలుగు మంది

నేను ఈ ఇంట్లో లేను. అద్దె ఒప్పందంలో ఉన్నది కౌశల్ అన్న ఒక్కడి పేరే. కింద తపాలా పెట్టె మీద ఉన్నదీ అతని పేరే. నేను మాత్రం ఏడు వారాలుగా అతని వంటగదిలో పరుపు వేసుకుని పడుకుంటున్నాను. నా బూట్లు సింకు కింద బియ్యం సంచి వెనకాల ఉంటాయి. ఫిబ్రవరి ఒకటిన నాకు యూనివర్సిటీ హాస్టల్లో గది వస్తుంది. అంతవరకు కింద అంతస్తులో ఉండే ఓనరమ్మ ఫ్రావ్ లిండ్నర్ కంట పడకూడదు. పడితే నాకే కాదు, అన్నకీ ఇల్లు పోతుందని మా భయం.

వచ్చిన రోజే అన్నాను, "ఆమెను ఒక్క మాట అడుగుదమా అన్నా" అని.

"అడిగితే వద్దంటది శ్రీచరణ్. వద్దన్నంక ఉంటే తప్పయితది. అడగకుంటే ఏ లొల్లీ లేదు," అన్నాడు.

జర్మనీలోని ఈ ఫ్రైబర్గ్‌లో మన సీనియర్లంతా కొత్తగా వచ్చిన జూనియర్లను ఇలాగే దాచుకున్నారట. అన్నను కూడా ఒకప్పుడు ఎవరో దాచారట. ఇంతమంది చేసిన పని తప్పెలా అవుతుందిలే అని నేనూ తలూపాను.

క్లాసులున్నప్పుడు తెల్లారకముందే బయటపడి, ఆమె పరదాలు వేసుకున్నాక వచ్చేవాణ్ణి. క్రిస్మస్ సెలవులకు లైబ్రరీ కూడా మూసేయడంతో నా పని అయిపోయింది. అన్న పొద్దున్నే ఊరి బయట గోడౌన్‌లో పనికి పోతాడు. అక్కడ ఫోన్ లాకర్లో పెట్టేయాలి. అతను గడప దాటితే ఇల్లు ఖాళీ అన్నట్టే కాబట్టి హీటర్ ఒకటో నంబరుకు తగ్గించాలి. మేజోళ్లతోనే నడవాలి, కుళాయి తిప్పకూడదు, ఫ్లష్ అసలే నొక్కకూడదు. మూడో రోజుకల్లా నా మీద నాకే అసహ్యం వేసింది.

అన్న లాప్‌టాప్‌లో ఒక ఆట ఉంది. మంచులో ఊరు కట్టాలి. బొగ్గు తవ్వించాలి, ఇళ్లు వెచ్చగా ఉంచాలి, అందరికీ తిండి చూడాలి. మాది గోదావరిఖని, మా నాన్న బొగ్గుబాయిలో పనిచేశాడు, నేను చదివేది మైనింగ్. అయినా నా మొదటి ఊరు పన్నెండు రోజుల్లో చలికి చచ్చింది. సిగ్గేసి రెండోది జాగ్రత్తగా కట్టాను. మనుషులు లేని ఇళ్లకు వేడి ఆపేశాను. అందరికీ చారు పలచన చేశాను. దుప్పటి కప్పుకుని, వేళ్లు బిగుసుకుపోతుంటే, ఎనభై మందిని నలభై రోజులు లాక్కొచ్చాను.

జనవరి రెండున, పదకొండు గంటలప్పుడు, తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. గేటు బయట పద్నాలుగు మంది ఉన్నారు, రానివ్వాలా, పంపించెయ్యాలా అని. బొగ్గు నాలుగు రోజులకే ఉంది. వీళ్లొస్తే ఖాళీ ఇళ్లు కూడా వెచ్చబెట్టాలి, మూడు రోజులకు కూడా రాదు. రెండుసార్లు లెక్క చూసి పంపించేశాను. వాళ్లు వరుసగా వెనక్కి తిరిగి మంచులో నడుచుకుంటూ పోయారు. పిల్లలు కూడా ఉన్నారని అప్పుడు చూశాను.

అప్పుడే కింద బెల్లు మోగింది.

పరదా పక్కకు జరిపి చూశాను. వీధి తలుపు దగ్గర పల్చటి జాకెట్‌తో ఒక కుర్రాడు, పక్కన ప్లాస్టిక్ చుట్టిన రెండు పెద్ద సూట్‌కేసులు. "కౌశలన్నా, నేను రాకేష్‌ని," అని పైకి చూసి అరిచాడు. "ఆ అడ్రస్‌ల అసలు ఇల్లే లేదన్నా. ఫోన్ ఎత్తుత లేవు."

పేరు విన్నదే. నెట్‌లో గది దొరికిందని పోయిన వారమే అన్నకు ఫోన్ చేసిన జూనియర్. అంటే ఎవడో మోసం చేశాడన్నమాట. దిగి తలుపు తీస్తే ఓనరమ్మకు ఇద్దరమూ దొరుకుతాం. కిటికీ తెరిచి ఒక్క మాటన్నా ఆమె చెవిన పడుతుంది. నా దగ్గర అతని నంబర్ లేదు. ఇవన్నీ నిజమే కానీ నన్ను ఆపింది భయం ఒక్కటే. ఇంకా నాలుగు వారాలు, అంతే, ఇప్పుడు పాడుచేసుకోవద్దు అనుకున్నాను. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.

ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు బెల్లు కొట్టాడు. తర్వాత కింది తలుపు గొళ్లెం తీసిన చప్పుడయింది. ఆమె ఏదో అడిగింది, అతను వచ్చీరాని జర్మన్‌లో ఏదో చెప్పాడు. సూట్‌కేసుల చక్రాలు లోపలికి దొర్లాయి. కాసేపటికి కప్పుల చప్పుడు, కాఫీ వాసన, ఆ తర్వాత నవ్వులు. నేను పొద్దుటి నుంచి బాత్రూమ్‌కు పోకుండా ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

సాయంత్రం అన్న, రాకేష్ సూట్‌కేసులు మోసుకుంటూ కలిసి పైకి వచ్చారు.

"వీనికి గది దొరికేదాకా ఇక్కడ ఉండమన్నది," అన్నాడు అన్న. "ఉన్నదున్నట్టు అడిగిండట. అడిగినందుకు సంతోషం అన్నది. తపాలా పెట్టె మీద వీని పేరు ఆమెనే రాసి అతికిచ్చింది."

"అయితే నా సంగతి కూడా చెబుదాం అన్నా."

అన్న నా వైపు చూడలేదు. "ఇల్లు చిన్నది, ఒక్కనికే ఒప్పుకుంటున్న అన్నదిరా. ఇప్పుడు నీ గురించి చెప్తే ఏడు వారాలు మోసం చేసినట్టయితది. వీనిది కూడా పోతది."

రాకేష్ బూట్లు గుమ్మం దగ్గర అందరికీ కనబడేట్టు విడిచాడు. బాత్రూమ్‌కు వెళ్లి హాయిగా ఫ్లష్ నొక్కి వచ్చాడు. నా పక్కన పరుపు మీద కూర్చుని తెర మీది ఊరిని చూస్తూ మెల్లగా అడిగాడు.

"నేను బెల్లు కొట్టినప్పుడు పరదా కదిలినట్టయిందన్నా. నువ్వు ఇంట్లనే ఉన్నవా?"

"లేను," అన్నాను.

నమ్మాడు. కింద ఆమె కట్టిచ్చిన క్రిస్మస్ కేకు పొట్లం విప్పి, సగం విరిచి నా చేతిలో పెట్టాడు. తిన్నాను.