శనివారం గిన్నె

నేను ఒక పోపుల డబ్బాను. అలాగని మీ ఇంట్లో పోపు మాడితే నన్ను తలచుకోకండి, ఆ కొలువు మానేసి నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు నా కడుపులో ఆవాలు లేవు, జీలకర్ర లేదు. బీపీ గోలీలున్నాయి. చిన్నప్పుడు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే మూత ఎగిరిపడేలా నవ్వి ఉండేదాన్ని.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. ఒక స్టీలు రేకు, ఒక అచ్చు, పైనుంచి ఒక దెబ్బ, అంతే. గుండ్రంగా బయటపడ్డాను. నాకు తోడు ఏడు చిన్న గిన్నెలు, ఆరు చుట్టూ, ఒకటి నడిమధ్య. ఒక బుల్లి చెంచా, ఒక గట్టి మూత. ఆ షెడ్డులో నాలాంటివాళ్లం రోజుకు వందలమందిమి పుట్టేవాళ్లం కాబట్టి మా మీద ఎవరికీ ప్రత్యేకమైన ప్రేమ ఉండేది కాదు.

అక్కడినుంచి, పాతబట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఒకామె గంపలోకి చేరాను. కోరుట్ల పక్కన ఒక ఊళ్లో, ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుట్టే వాడలో ఆమె గంప దించింది. బాలవ్వ అనే మనిషి నన్ను చేతిలోకి తీసుకుంది. మూత మూడుసార్లు తీసి పెట్టింది, అడుగున వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. రెండు పాతచీరలు ఇస్తానంటే గంపామె చాలవంది. బాలవ్వ లోపలికి వెళ్లి ఒక ప్యాంటు కూడా తెచ్చింది. అది ఆమె భర్త నాంపెల్లిదనీ, అంత పాతదేమీ కాదనీ ఆ సాయంత్రం అతను స్నానం చేసి దండెం మీద వెతుక్కున్నప్పుడు గానీ బయటపడలేదు. అలా నేను ఆ ఇంట్లో అడుగుపెడుతూనే ఒక తగవు పెట్టాను. ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ ఏ పెళ్లికి తయారవుతున్నా నాంపెల్లి నావైపు ఒకసారి గుర్రుగా చూసి ఆ ప్యాంటు పేరెత్తుతాడు.

బాలవ్వ పొద్దున వంట కాగానే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. లేచేసరికి సాయంత్రమయ్యేది. ఆమె వేళ్లకు ఎప్పుడూ తంబాకు వాసనే. ఆ వేళ్లతోనే నాలోంచి చిటికెడు ఆవాలు తీసేది. మొదట్లో నాకు నచ్చేది కాదు. తర్వాత ఆ వాసన రాని రోజు ఏదో వెలితిగా ఉండేది.

అలాంటి రోజులు ఒకసారి నెలపాటు వచ్చాయి. భివండిలో మగ్గాల మీద పనిచేసే నాంపెల్లి పచ్చకామెర్లతో ఇంటికొచ్చి మంచం పట్టాడు. పత్యం కూడు, పోపు లేని చారు. నా మూత తీసినవాళ్లు లేరు. ఒక మధ్యాహ్నం అతను నిద్రపోతుండగా బాలవ్వ నా ఎదురుగా నిలబడి చేతులు జోడించింది. దేవుడి పటం నా వెనక గోడకే ఉంది కాబట్టి నేనేమీ పొంగిపోలేదు. తన మనిషి లేచి తిరిగితే బతికినన్నాళ్లు ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటాననీ, సాయంత్రం దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టననీ మొక్కుకుంది. నాంపెల్లి లేచాడు, భివండి మానేసి ఇంటిపట్టునే ఉండిపోయాడు. మొక్కు సంగతి మాత్రం ఆమె అతనికి చెప్పలేదు. అది తెలిసినవాళ్లం ముగ్గురమే, ఆమె, దేవుడు, నేను. ముగ్గురిలో ఎవరమూ నోరు విప్పేవాళ్లం కాదు.

పాపం నాంపెల్లికి ఆకలి ఆగదు. అరగంట ఆలస్యమైతే ఇల్లంతా తిరుగుతాడు. అలాంటివాడికి భార్య వారానికో రోజు కడుపు మాడ్చుకోవడం వింతగా ఉండేది. శనివారం వచ్చిందంటే, దేవుడికి ఈమె తిండి మీదే కన్నుపడిందని ఆట పట్టించేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

నాలుగేళ్ల కిందట పల్లె దవాఖాన నుంచి నర్సు ప్రమీల ఇంటింటికీ తిరిగి బీపీ చూసింది. బాలవ్వకు ఎక్కువగా ఉంది. మరో రెండుసార్లు చూసినా అంతే. నొప్పి లేదు, జ్వరం లేదు, ఇదేం జబ్బని బాలవ్వకు నమ్మకం కుదరలేదు. నొప్పి లేకుండానే లోపల నరాల మీద బరువు పెంచుకుంటూ పోతుందనీ, పట్టించుకోకపోతే ఏదో ఒకరోజు కాలూచెయ్యీ పడిపోయే దాకా తెస్తుందనీ ప్రమీల ఓపిగ్గా చెప్పింది. డాక్టరు రోజుకొక గోలి రాశాడు.

చిక్కేమిటంటే, పొద్దున వేసుకుందో లేదో మధ్యాహ్నానికి బాలవ్వకే గుర్తుండేది కాదు. అప్పుడు నాంపెల్లికి నేను గుర్తొచ్చాను. ఆసరికి ఇంట్లోకి రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు వచ్చి నేను సజ్జ ఎక్కి ఉన్నాను. నన్ను దించి, చింతపండుతో తోమి, ఎండలో పెట్టాడు. ఏడు గిన్నెలు, ఏడు రోజులు. నడిమి గిన్నె ఆదివారానికి. సోమవారం గిన్నె మీద మేకుతో ఒక గీత గీశాడు, అక్కడినుంచి కుడిచేతి వైపు వరుసగా. ఒకప్పటి మెంతుల గిన్నెకు శనివారం వచ్చింది. గోలీలను రేకులోంచి ముందే తీస్తే చెమ్మ తగులుతుందని ప్రమీల చెప్పడంతో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం అతను తునికాకు కత్తెరతో రేకుతో సహా ముక్కలు కత్తిరించి గిన్నెకొకటి వేసేవాడు. భివండిలో ఎన్ని గజాల గుడ్డ నేశాడో నాకు తెలియదు గానీ, ఈ పని మీద ఉన్నంత శ్రద్ధ ఆ గుడ్డ మీద ఉండి ఉండదు.

మొదటి నెలలో బాలవ్వ పాదాలు వాచాయి. రోజంతా కూర్చుంటే వాయవా అని ఆమె సరిపెట్టుకుంది. కానీ ప్రమీల అడిగినప్పుడు మాత్రం దాచకుండా చెప్పింది. ప్రమీల చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడింది. కొందరికి ఆ గోలితో అలా అవుతుందని డాక్టరు వేరే గోలికి మార్చాడు. వాపు తీసిపోయింది. ఇలాగే ఏ తేడా వచ్చినా, కళ్లు తిరిగినా, పొడిదగ్గు పట్టుకున్నా వెంటనే చెప్పాలని ప్రమీల అంటే బాలవ్వ బుద్ధిగా తలూపింది. కాళ్ల సంగతి చెప్పిన మనిషి శనివారం సంగతి మాత్రం కడుపులో పెట్టుకుంది.

శనివారం ఆమె నీళ్లు ముట్టదు. నీళ్లు లేకుండా గోలి ఎలా? పొద్దున నా మూత తీసి, ఆ గిన్నె వైపు చూసి, మళ్లీ పెట్టేసేది. పొద్దుటి గోలి దీపం పెట్టాక వేసుకుంటే పనిచేయదనుకుని సాయంత్రమూ ముట్టేది కాదు. బీడీల లెక్కే ఆమెకు తెలిసిన లెక్క. ఇవాళ రెండు కట్టలు తక్కువైతే రేపు చేసి కలిపితే కంపెనీ ఏమీ అనదు. గోలికి కూడా అదే న్యాయం అనుకుంది. ఆదివారం పొద్దున శనివారానిదీ ఆనాటిదీ కలిపి రెండూ మింగి, ఖాళీ రేకులు నా నడిమి గిన్నెలో వేసేది. మధ్యాహ్నం నాంపెల్లి వాటిని చూడకుండానే చెత్తలో దులిపేసి కొత్తవి నింపేవాడు. ఆదివారాలు ఆమెకు కళ్లు తిరిగేవి. ఒంటిపూట తిండి వల్ల అనుకునేది. నాకు నోరుంటే ఆ రోజుల్లో ఊరంతా వినేలా అరిచేదాన్ని. నాకున్నది ఒక మూత. అది ఆమె తీస్తేనే చప్పుడు చేస్తుంది.

రెండేళ్ల కిందట, ఎండాకాలం ఆదివారం. రెండు గోలీలు వేసుకుని చాట ముందు కూర్చుంది. దారం అయిపోయింది. ఇంకో ఉండ తెద్దామని దిగ్గున లేచింది. రెండడుగులు వేసిందో లేదో, దర్వాజాకు తల తగిలి కింద పడింది. కనుబొమ్మ చీరుకుపోయింది. తంబాకు గది నిండా చిమ్మింది. వాకిట్లోంచి నాంపెల్లి పరుగెత్తుకొచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకుని చాటతో విసిరాడు. కళ్లు తెరవగానే ఆమె అడిగిన మొదటి మాట తంబాకు ఒలికిపోయిందా అని. మనుషులు అంతే.

గోలీలే తనను పడగొట్టాయనీ, ఇక వాటిని ముట్టననీ ఆమె తేల్చేసింది. రక్తం చూసి నాంపెల్లి ఆమెకన్నా ఎక్కువ బెదిరిపోయాడు. సరేనన్నాడు. ఆ మధ్యాహ్నం నా గిన్నెలు ఎవరూ నింపలేదు, దులపలేదు.

నాలుగు రోజులు గడిచాయి. తలపోటు మొదలైంది, మెడ పట్టేసినట్టుందని ఆమె తువ్వాలు చుట్టుకు కూర్చుంది. గురువారం ప్రమీల వచ్చింది. కట్టు చూసి కంగారుపడి బీపీ చూసింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. పై అంకె నూట తొంభై దాటింది. తప్పు తమది కాదని చూపడానికి నాంపెల్లి నన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వారం వారం ఎంత పద్ధతిగా నింపుతున్నాడో వివరించడం మొదలుపెట్టాడు. ప్రమీల అతని మాట వింటూనే నా నడిమి గిన్నెలోకి చూసింది. నా బతుకులో ఎవరైనా నన్ను చదివిన క్షణం అదే.

“అవ్వా, ఐతారం గిన్నెల రెండు రేకులున్నయ్. రెండు గోలీలు ఏసుకున్నవా?”

బాలవ్వ తల వంచుకుంది. “శనివారం పొద్దుంట గద బిడ్డా. నీళ్లు సుత ముట్ట. గందుకే ఆనాటిది ఐతారం కలిపి ఏసుకుంట.”

“బీడీలు తక్కువైతే తెల్లారి చేసియ్యొచ్చు అవ్వా. గోలి గట్ల కాదు. మర్చిపోతే అదే దినం యాదికొచ్చినప్పుడు ఏసుకో. తెల్లారిందంటే నిన్నటిది ఇడిసెయ్యి, ఆనాటిది ఒక్కటే ఏసుకో. రెండు కలిపితే బీపీ దబ్బున దిగి కండ్లు తిరుగుతయ్. మొత్తానికి బంద్ జేస్తే గిట్ల మీదికెక్కుతది.”

శనివారం గుక్కెడు నీళ్లతో గోలి ఒక్కటి వేసుకుని మిగతా రోజంతా ఒక్కపొద్దు ఉండొచ్చు కదా అని ప్రమీల నచ్చజెప్పబోయింది. బాలవ్వ భర్త వైపు చూడకుండా, నేలకేసి చూస్తూ అంది.

“మొక్కు తప్పితే ఆయనకేమన్నయితే ఎట్ల బిడ్డా? కామెర్లప్పుడు ఆయన లేసి తిరగాలెనని పట్టిన పొద్దు అది.”

నాంపెల్లి నా మూత చేతిలో పట్టుకుని ఉన్నాడు. దాన్ని నా మీద పెట్టబోయి, కుదరక, పక్కన పెట్టేశాడు. ఇన్నేళ్లుగా తను ఆట పట్టించిన శనివారాలన్నీ అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చి ఉంటాయి. నాకు కూడా, స్టీలుకు ఏమవుతుందో తెలియదు గానీ, ఏదో అయింది.

“ఇగ శనివారం పొద్దు నేనుంట,” అన్నాడు. “నా పానం కోసం పట్టిందే గద. నేనుంటె దేవుడు వద్దంటడా? నువ్వు గోలి ఏసుకో, తిను.”

“నీకు ఆకలి ఆగదు.”

“నువ్వు పదమూడేండ్లు ఆగినవ్.”

ఆ మాటకు బాలవ్వ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. దేవుడి లెక్కల్లో తలదూర్చడం తన ఉద్యోగం కాదని ప్రమీలకు తెలుసు. ఆటో పిలిచి ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అదే గోలి మళ్లీ మొదలైంది, రోజూ ఒకే వేళకు, ఒక్కటే. కూర్చున్నచోటి నుంచి దిగ్గున లేవకుండా, కాస్త ఆగి, గోడ పట్టుకుని లేవమన్నారు. నడుం నొప్పికి దుకాణంలో కొనుక్కునే గోలీల సంగతి కూడా బయటపడితే, అడగకుండా అవి వేసుకోవద్దన్నారు. కొన్ని అలాంటివి బీపీని పెంచుతాయట.

ఆ రోజు నుంచి శనివారం నాంపెల్లిది. నీళ్లు మాత్రం తాగి తీరాలని ప్రమీల అతనికి గట్టిగా చెప్పింది. దేవుడు ఒప్పుకున్నాడో లేదో గానీ నాంపెల్లి వెంటనే ఒప్పుకున్నాడు. చాయ్ తిండి కిందికి రాదని ఇంకో నెలకు తనే తీర్పు చెప్పుకున్నాడు. బాలవ్వ తల ఊపిందే గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. కిందటి నెల ప్రమీల చూసినప్పుడు ఆమె బీపీ నూట ముప్పై దగ్గర నిలబడి ఉంది.

నేనిప్పుడు వంటింట్లో, దేవుడి పటం కిందే ఉంటున్నాను. అంచు ఒకచోట సొట్టపోయింది, మూత మునుపటంత గట్టిగా పట్టదు. ఇంకెన్నాళ్లుంటానో తెలియదు. తుక్కు సామాను బండి వాడలోకి వచ్చినప్పుడల్లా ఒకింత భయం వేస్తుంది. అయినా ఒక కోరిక మాత్రం మిగల్లేదు, నోరు కావాలని.

మొన్న శనివారం, పొద్దున పదకొండు అవుతుండగా, నాంపెల్లి వంటింట్లోకి వచ్చాడు. బాలవ్వ బయట చాట ముందు ఉంది. అతను అన్నం గిన్నె వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. ప్లాస్టిక్ డబ్బా తీసి పల్లీల చప్పుడు విని మళ్లీ పెట్టేశాడు. చివరికి నా దగ్గరికొచ్చి మూత తీశాడు. ఒకప్పటి జీలకర్ర గింజేదైనా అంచున ఇరుక్కుని ఉంటుందేమో అన్నట్టు గిన్నె తర్వాత గిన్నె చూశాడు. శనివారం గిన్నె దగ్గర ఆగాడు. అందులో చిరిగిన రేకు ముక్క ఒకటే ఉంది, ఖాళీది. దాన్ని వేలితో ఒకసారి కదిపి చూశాడు. మూత చప్పుడు కాకుండా పెట్టి, వెళ్లి బాలవ్వ పక్కన గడప మీద కూర్చుని, దీపం పెట్టే వేళ కోసం చూడసాగాడు.