టమాటాకు పట్టిన వంకాయ రంగు

ఇంటి ముందుగదిలో నడిచే ఆ డిజైన్ షాపు బావామరదళ్ల ఉమ్మడి వ్యాపారం. అక్క మొగుడు ఆర్డర్లు తెస్తాడు, మరదలు లేబుళ్లు గీస్తుంది, పోట్లాటలో మాత్రం ఇద్దరిదీ సమాన వాటా. ఈమధ్య పోట్లాటంతా లినక్స్ గురించే. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే పాత కంప్యూటర్ మొరాయించింది. దాంతో ఆమె పాత సిస్టమంతా తుడిచేసి, ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టమ్ పెట్టింది, మెనూలన్నీ తెలుగులోకి మార్చుకుంది, ఇంక్‌స్కేప్‌లో బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. మూలకు చేరాల్సిన మిషన్ లేడిపిల్లలా పరుగెత్తింది. చాలాకాలానికి ఆమెకు పని మీద మళ్లీ ప్రేమ పుట్టింది.

బావకు మాత్రం బెంగ పుట్టింది.

"అది నీ ఒక్కదానికే వచ్చిన విద్య. నీకు జ్వరమొస్తే షాపు మూసుకోవాలా? మామూలు మనుషులు వాడేది కాదది" అన్నాడు.

చివరికి రాజీ కుదిరింది. టమాటా సాస్ సీసా లేబుల్‌కి మొదటి ప్రూఫ్, అంటే అచ్చు నమూనా, ప్రెస్సు నుంచి వంక పెట్టడానికి లేకుండా వస్తే లినక్స్ ఉంటుంది. లేదంటే పాత సిస్టమ్ తిరిగొస్తుంది.

ప్రూఫ్ వచ్చింది. దాని మీద టమాటా నిగనిగలాడుతోంది, కానీ వంకాయ రంగులో.

"బానే ఉంది. వంకాయ సాస్ అమ్ముకోమందాం" అన్నాడు బావ. నవ్వు ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ప్రెస్సుకు ఫోన్ చేస్తే మిగతావాళ్ల పనులన్నీ శుభ్రంగా వచ్చాయన్నారు. ఫైలు తెరిచి చూస్తే వాళ్లదే నిజం. ఎరుపులో కలవాల్సిన పసుపును తన చేత్తో తనే తగ్గించింది. గీసేటప్పుడు అది ఎక్కువైనట్టు కనిపించింది మరి. ఎందుకు కనిపించిందో అర్థం కాలేదు.

ఉక్రోషంతో ప్రూఫ్‌ను తెరకు ఆనించి పట్టుకుంది. కాగితం అంచు తెల్లగా ఉంది. పక్కనే తెర మీది తెలుపు పచ్చగా ఉంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, ఇక్కడ కామెర్లు కంప్యూటర్‌కే వచ్చాయి. సెట్టింగులు తెరిస్తే సంగతి బయటపడింది. రాత్రిపూట తెర వెలుగును పసుపుగా మెత్తబరిచే మీటను ఎవరో పగలూ రాత్రీ పనిచేసేలా పెట్టారు. తెలుపు పచ్చబడిందని ఆమె కనిపెట్టలేదు, టమాటాలోనే పసుపు ఎక్కువైందనుకుంది.

"దీన్నెవరు ముట్టుకున్నారు?" అని అరిచింది.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనేనే. మధ్యాహ్నం మీరు కునుకు తీస్తుంటే అందులో పేకాట ఆడుకుంటున్నా. ఆ తెల్లటి వెలుగుకి కళ్లు మండిపోతుంటే వెతికి పట్టుకున్నా. నీ కళ్లకీ మంచిదని అలాగే ఉంచేశా."

కూతురికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బావ మాత్రం నవ్వడం మానేశాడు.

"మీకెవరు నేర్పారు అత్తయ్యా?"

"నేర్పడానికేముంది బాబూ, తెలుగులోనే ఉందిగా. అక్షరాలు పెద్దవి చేసుకున్నా, మళ్లీ చిన్నవి చేసి పెట్టేశా. మొన్న మొరాయిస్తే మీరు తిట్టుకుంటూ వదిలేసి వెళ్లిన ప్రింటర్ని కూడా నేనే కదిలించా."

మరదలు మీట ఆపింది. తెర మీద వంకాయ ప్రత్యక్షమైంది. దాన్ని టమాటా చేయడానికి ఎంతోసేపు పట్టలేదు. మళ్లీ పంపితే ప్రెస్సు నుంచి ఎర్రటి ప్రూఫ్ వచ్చింది. అయినా ఆమెకు సంతోషం కలగలేదు. మొదటి ప్రూఫ్ తప్పిందన్నది తప్పిందే. మాటంటే మాటే.

"పాతది రేపు ఎక్కిస్తాలే బావా" అంది.

"ఏదీ ఎక్కించక్కర్లేదు, అత్తయ్యే వాడేస్తున్నారుగా. కాస్త లే" అని ఆమెను కుర్చీలోంచి లేపాడు బావ. "అత్తయ్యా, మీరిలా కూర్చుని ఆ ప్రింటరెలా కదిలిందో నాకు చూపించండి. ఆ తర్వాత లేబుల్ గీయడం మనిద్దరికీ మరదలు నేర్పుతుంది."

అమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుని అల్లుడి వైపు ఎగాదిగా చూసింది.

"ముందు చేతులు కడుక్కురండి బాబూ, మౌసు జిడ్డు చేస్తారు."

బావ బుద్ధిగా వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు.