రాని సైన్యం

డిసెంబరు చలిలో పందిని కోసే రోజంటే ఆల్బీనా ఇంట్లో పండగే. నెబ్రాస్కాలోని ఆ ఊళ్ళో చెక్ కుటుంబాలన్నిటికీ అంతే. పొద్దున్నే పందిని పడగొట్టడం, మధ్యాహ్నానికి సాసేజ్‌లు కూరడం, సాయంత్రం ఇరుగుపొరుగుకు గిన్నెలతో పంచడం. సాసేజ్‌ల్లో కలిపే నెత్తురు బకెట్టు మాత్రం ఆమె మరిది బొహుమిల్‌ది. గడ్డకట్టకుండా చేత్తో తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆడినంతసేపూ ఆయన నోరూ ఆడుతుంది. నోరు ఆడితే వచ్చేది ఒకటే కథ.

ఆ కథ అక్కడ అందరికీ కంఠతా వచ్చు. 1948లో బొహుమిల్ పుట్టిన చెక్ దేశంలో కమ్యూనిస్టులు గద్దెనెక్కారు. ఆయన పొలం లాక్కున్నారు, ఆయన అన్న వాత్స్లావ్‌ను జైల్లో పెట్టారు. అంతకు మూడేళ్ళ ముందు జర్మన్లను తరిమి, పిల్లలకు చాక్లెట్లు పంచి వెళ్ళిన అమెరికా సైన్యం మళ్ళీ వస్తుందని ఊరు ఊరంతా రోడ్డుకేసి చూసింది. రాలేదు. వాత్స్లావ్ ఖైదీగానే యురేనియం గనిలో పోయాడు. బొహుమిల్ సరిహద్దు దాటి, ఈ ఊళ్ళో ఉన్న పెదనాన్న కొడుకు పంచన చేరి, మాంసం కొట్టు పెట్టుకున్నాడు. ఆ పెదనాన్న కొడుకూ పోయాక, ఆయన భార్య ఆల్బీనాకు, కొడుకు లియోనార్డ్‌కు ఏ కష్టమొచ్చినా బొహుమిలే దిక్కు.

ఆ ఏడు కథ సగంలో ఉండగా లియోనార్డ్ అడ్డొచ్చాడు.

"బాబాయ్, నిన్న బోర్డుకెళ్ళొచ్చా. నా మినహాయింపు తీసేయమన్నా."

బొహుమిల్ చెయ్యి ఆగిపోయింది.

కుర్రాళ్ళను సైన్యానికి ఏరే బోర్డంటే ఎవరో కాదు. విత్తనాల కొట్టాయన, పళ్ళ డాక్టరు, రిటైరైన మేష్టారు. ఎవరి కొడుకు వియత్నాం యుద్ధానికి వెళ్ళాలో ఈ ముగ్గురే తేలుస్తారు, ఆదివారం చర్చిలో ఆ కొడుకు తల్లి పక్కనే కూర్చుని పాటలూ పాడతారు. పొలానికి ఒక్కడే మగదిక్కని లియోనార్డ్‌ను ఇన్నాళ్ళూ వదిలేశారు.

"నీకేం పోయేకాలంరా!" ఆల్బీనా కత్తి కింద పడేసింది. "ఎవడు వెళ్ళమన్నాడు నిన్ను?"

"ఎవరూ అన్లేదమ్మా. గురువారం బోర్డు కూర్చుంటుంది. తర్వాత పిలుపొస్తుంది."

ఆవిడ బొహుమిల్ వైపు తిరిగింది. "నువ్వు ఎక్కించావు. నువ్వే దించు."

బొహుమిల్ గొంతు సవరించుకున్నాడు. "ఒరే, ఆ దేశమేదో, ఆ వరిపొలాలేవో, మనకెందుకురా? వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు."

"నీ ఊరి గురించి ఇక్కడోళ్ళు అన్నదీ అదేగా బాబాయ్. ఎక్కడో ఉన్న ఊరు, మనకెందుకని."

వియత్నాంలో ఊరుకుంటే పక్క దేశం పోతుంది, ఆ తర్వాత కమ్యూనిస్టులు మన గుమ్మం దాకా వస్తారని టీవీలో పెద్దలు రోజూ చెబుతూనే ఉన్నారు. వాషింగ్టన్‌లో వాళ్ళకు ఈ యుద్ధానికి ఎన్ని కారణాలున్నాయో గానీ, లియోనార్డ్‌కున్న ఒక్క కారణం బకెట్టు ముందు కూర్చుని ఉంది. ఆ సంగతి బొహుమిల్‌కు అప్పుడే తెలిసింది.

"సైన్యం రాలేదన్నావు కదా," అంది ఆల్బీనా. "రానందుకు మీ ఊళ్ళో ఎంతమంది చచ్చిపోయారు?"

"వాత్స్లావ్ ఒక్కడే, వదినా."

"వచ్చుంటే?"

బొహుమిల్ యుద్ధం చూసినవాడు. బాంబులు పడ్డ వీధి ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. "ఊరు మిగిలేది కాదు," అన్నాడు చివరికి.

"మరి రాకపోవడమే మంచిదైందిగా! ఆ ముక్కేదో వాడికి చెప్పు."

లియోనార్డ్ పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. వాడి ముఖంలో వెటకారం లేదు. "చెప్పు బాబాయ్. వాళ్ళు రాకపోవడమే మంచిదైందని నువ్వను. రేపే బోర్డుకెళ్ళి, నేనన్నది వెనక్కి తీసుకుంటా. ఒట్టు."

ఒక్క వాక్యం. దానికోసం ఆల్బీనా ఎదురుచూస్తూ నిలబడింది.

"మంచిదే అయింది," అన్నాడు బొహుమిల్, బకెట్టులోకి చూస్తూ.

"నావైపు చూసి చెప్పు."

బొహుమిల్ తలెత్తాడు. ఆ పిల్లాడంటే ఆయనకు ప్రాణం. వాణ్ణి నిలబెట్టడానికి ఏమైనా అనగలననే అనుకున్నాడు. కానీ నోరు తెరవగానే వాత్స్లావ్ గుర్తొచ్చాడు. జైలుకు తీసుకెళ్తుంటే లారీ మీంచి అన్న చివరిసారిగా చెప్పిన మాట, "భయపడకు, వాళ్ళొస్తారు." రాకపోవడమే మంచిదంటే, అన్న చావూ మంచిదే అన్నట్టు. ఆయన మళ్ళీ బకెట్టులోకి తల దించేశాడు.

లియోనార్డ్ లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఫర్లేదు బాబాయ్. నాకు తెలుసు." చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు.

ఆల్బీనా కింద పడ్డ కత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్క అబద్ధం, బొహుమిల్," అంది. "నా కొడుకు కోసం ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడలేకపోయావు."