పదిహేనో తారీకు పులస

రాజోలులో జనార్దన్ గారి ట్రావెల్స్ ఆఫీసు ముందు ఒక నల్లబోర్డు ఉంటదండి. కరోనా రాకముందు దాని మీద టిక్కెట్ల రేట్లు రాసేవోరు. వచ్చేక తారీకులు రాయడం మొదలెట్టేరు. "గల్ఫ్ విమానాలు జూన్ 15 నుంచి." అది చెరిపేసి "జూన్ 30 నుంచి." అదీ చెరిపేసి "జూలై 15 నుంచి." ఆ బోర్డు చూసి మా సందులో గేదెలు కూడా నవ్వేవండి. నవ్వనిది మా శ్రీదుర్గ ఒక్కత్తే.

శ్రీదుర్గ మా అక్క సత్యనారాయణమ్మ కూతురు. మొగుడు పోయేక ఇద్దరు పిల్లల్నీ అమ్మ దగ్గరొదిలి గల్ఫ్ వెళ్లింది. ఎనిమిదేళ్లుగా ఒక ముసలి మేడం గారింట్లో వంట చేస్తంది. అమ్మకి మోకాలు ఆపరేషనని ఫిబ్రవరి ఇరవైన వచ్చింది. వచ్చిన నెలకే విమానాలు ఆగిపోయాయి. ఆ దేశం రూలేంటంటే, ఆరు నెలలు దాటి బయటుంటే వీసా చచ్చిపోద్ది. అంటే ఆగస్టు ఇరవై లోపల ఈ పిల్ల అక్కడ దిగాలి. లేపోతే పిల్లల చదువు ఆగినట్టే.

బోర్డు మీద జూన్ పదిహేనని చూసి మా అక్క పంతులు గార్ని అడిగింది. పదిహేను బాలేదు, పన్నెండు దివ్యంగా ఉందన్నారాయన. సరే, పన్నెండునే శ్రీదుర్గ సూట్‌కేసు తెచ్చి మా ఇంట్లో ప్రస్థానం పెట్టేరు. మంచిరోజున మనిషి కదలడం కుదరకపోతే సామాను ముందు బయటింట్లో పెడతాం గదండి, మనిషి బయల్దేరినట్టే లెక్క. పెట్టేక మళ్లీ సొంతింటి గడప తొక్కించకూడదు. అంచేత ఆ సూట్‌కేసు రెండు నెలలు మా నడవలోనే ఉండిపోయింది. లోపలున్న ఆవకాయ నూనె కారి ఇల్లంతా ఘాటు. నేను రోజూ పొద్దున్నే దాని ముందు వంగి, "ప్యాసింజరు గారూ, కాఫీ తెమ్మంటారా?" అనేవోణ్ణి. శ్రీదుర్గ మొదట్లో నవ్వేది. జూలైలో మానేసింది.

టీవీ పెడితే టై కట్టుకున్న ఒకాయన. విమానాలు మామూలవ్వడానికి మూడేళ్లు పట్టచ్చంట, నాలుగేళ్లు పట్టచ్చంట, అదృష్టం బాగుంటే ముందే అవ్వచ్చంట. ఆ మాట నేనూ చెప్తాను గదండి! మా కొబ్బరి దింపు తీసే కొండయ్య "రేపొస్తానండి, ఆయ్" అని వారం ఎగ్గొడితే కేకలేస్తాం. ఈయనకేమో కుర్చీ ఏసి, టై కట్టి, మంచినీళ్లు కూడా ఇస్తారా?

ఆగస్టు మొదట్లో ఆఫీసుకెళ్లేను.

"జనార్దన్ గారండీ, మా పిల్ల సంగతేంటండి?"

"ఆయ్, పదిహేనుకి ఖాయమండి మంగరాజు గారు. గ్యారంటీ."

"జూలై పదిహేనుకీ గ్యారంటీయే అన్నారు."

"అది వేరే గ్యారంటీ అండి."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నవ్వేను. నేను నవ్వేనంటే తెలిసినోళ్లు తమ చెప్పులెక్కడున్నాయో ఓసారి చూసుకుంటారు. పాపం ఈయన చూసుకోలేదు.

"అయితే పదిహేనునాడు మధ్యాన్నం మా ఇంటికి భోజనానికి రండి. గోదారికి ఎర్రనీళ్లొచ్చేయి. పులస తెప్పిస్తాను."

పులస అనగానే మాస్కు వెనకాల ఆయన మూతి కదలడం నాకు కనపడింది.

పదిహేను వచ్చింది. విమానం రాలేదు, జనార్దన్ గారొచ్చేరు. గుమ్మంలోనే చెప్పేసేరు. "ఇరవై అయిదుకి మారిందండి. చిన్న టెక్నికల్."

ఇరవైకే వీసా పోయే పిల్లకి ఇరవై అయిదంట! లోపల మా అక్క ముక్కు చీదడం వినపడతంది. నేను మాత్రం ఆయన్ని మర్యాదగా కూచోబెట్టి, అరిటాకేసి, అన్నం వడ్డించేను. వంటింట్లోంచి పులుసు వాసన గుప్పుమంటంది. ఆయన గుమ్మం వంక చూస్తన్నారు. అయిదు నిమిషాలు. పావుగంట. అన్నం చల్లారిపోయింది.

"మంగరాజు గారు, పులుసు?"

"ముప్పైకి మారిందండి."

"ఆయ్?"

"చేప రెడీ, చట్టి రెడీ. పైనుంచి ఆర్డరు రావాలంట. చిన్న టెక్నికల్. ముప్పైకి మాత్రం గ్యారంటీ అండి."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇదేం మర్యాదండి? పిలిచి, విస్తరి ముందు కూచోబెట్టి..."

"పావుగంటకే పౌరుషం వచ్చిందా? మా పిల్ల పెట్టె సర్దుకుని రెండు నెలలుగా విస్తరి ముందే కూచుందండి!"

ఆయన లేవబోయి మళ్లీ కూలబడ్డారు. "నాకేం తెల్సండి బాబూ! పుట్టేక విమానం ఎక్కలేదు నేను. పెద్దాఫీసోళ్లు ఫోన్లో ఒక తారీకు చెప్తారు. వాళ్లకీ తెలీదు. తెలీదంటే జనం గోల పెడతారని ఏదో ఒకటి చెప్తారు, నేను రాస్తాను. తారీకంటూ ఉంటే మనిషి ఆ రోజుదాకా ధైర్యంగా ఉంటాడు గదండి."

"అందుకని నోటికొచ్చింది రాసేస్తారా?" అని నేను లేచేను.

"మావయ్యా, నువ్వుండు." శ్రీదుర్గ వంటింట్లోంచి వచ్చింది. అరవలేదు. "జనార్దన్ గారూ, మా మేడం అక్కడ కాగితం పెడితే వీసా గడువు పెంచుతారండి. నెల ముందే పెట్టాలి. మీరు పదిహేనన్నారని నేనూ ఆవిడకి పదిహేనని చెప్పేను. మీరు ముప్పై అంటే ముప్పై అన్నాను. వచ్చేస్తంది గదా అని ఆవిడ కాగితం పెట్టలేదు. నిన్న ఫోను చేసింది. అన్నీ అబద్ధాలే చెప్పేవు, వేరే మనిషిని పెట్టుకున్నాను, ఇంక రావద్దంది. జూన్లోనే మీరు తెలీదని ఉంటే నేనూ తెలీదనే చెప్పేదాన్ని. ఎనిమిదేళ్లలో ఆవిడకి ఒక్క అబద్ధం చెప్పలేదండి నేను."

నిన్నటి ఫోను సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు పిల్ల. మా అక్క గోడ పట్టుకుని కూచుండిపోయింది.

మా ఆవిడ పార్వతి చట్టి తెచ్చి ఆయన ఆకులో పులుసు పోసింది. "ఆకు ముందు కూచున్నోళ్లని ఆకలితో లేపడం మా ఇంట్లో లేదండి," అని నా వంక కొరకొరా చూసింది. ఆయన అన్నం కలిపేరు గానీ ముద్ద నోటిదాకా వెళ్లలేదు. పుస్తెలమ్మి తినే చేప ఆకులోనే ఉండిపోయింది.

శ్రీదుర్గ సూట్‌కేసు ఈడ్చుకుంటూ గుమ్మం దాటింది.

"ఒసే, ప్రస్థానం పెట్టె ఇంటికి తేకూడదే!" అంది మా అక్క.

"ప్రయాణం ఉంటే గదమ్మా ప్రస్థానం."

పెట్టె ఆటోలో ఎక్కించింది నేనే. ఒక్క జోకు రాలేదు నోటికి.

వెనక్కొచ్చి జనార్దన్ గారి బండెక్కేను. "పదండి ఆఫీసుకి." బోర్డు మీదున్న ఇరవై అయిదు చెరిపేసేను. సుద్దముక్క ఆయనే ఇచ్చేరు. నా కోడిగీతల్లో ఇలా రాసేను: "విమానాలు ఎప్పుడు ఎగురుతాయో మాకు తెలీదు. మీ వాళ్లకి ఇప్పుడే ఫోను చేసి గడువు కాగితం పెట్టించుకోండి."

సెంటర్లో ఆటోవోళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వేరు. "మంగరాజు గారు మళ్లీ ఏదో ఏసేరోయ్!" నా రాత వాళ్లకి తెలుసు. నా జన్మలో వేళాకోళానికి రాయనిది అదొక్కటేనని తెలీదు.

తాటిపాక నుంచొచ్చిన ఒకాయన మాత్రం నవ్వలేదు. చంకలో ఫైలుంది. రెండుసార్లు చదివి, గల్ఫ్‌కి ఫోను కలిపి చెవి దగ్గర పెట్టేడు.

"సార్, నేను సాయిబాబుని సార్. ఇరవై అయిదుకి వస్తానన్నాను గదా... లేదు సార్. ఎప్పుడొస్తానో నాకు తెలీదు సార్."

"నోరు ముయ్యండెహె!" అని ఆటోవోళ్ల మీద ఎగిరేను. అవతలోళ్లు ఏమంటారో ఆయనకి వినపడాలి గదండి.