చెవి మేస్త్రీ

ఆ బస్సుల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లుగా ఒక పద్ధతి నడుస్తోంది. విప్పి బిగించిన ఇంజను ఏదైనా సరే, గేటు దాటే ముందు మేస్త్రీ దాని ఒంటి మీద మూరెడు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి పెట్టి, కళ్లు మూసుకుని వినాలి. ఆయన వింటున్నంతసేపూ షెడ్డులో సుత్తి దెబ్బ పడకూడదు. రేకు మీద రేకు పెట్టకూడదు. విన్నాక ఆయన "పోనీ" అంటే బండి వెళ్తుంది. అనకపోతే సూపరింటెండెంటు వచ్చి నెత్తి మీద కూర్చున్నా కదలదు. ఎన్నో సిలిండరులో ఇంజెక్టరు కారుతోందో, ఏ బేరింగు నెల కూడా బతకదో, విప్పకుండానే చెప్పేవాడు. విప్పి చూస్తే అక్షరాలా అంతే. దాంతో ఆయన అసలు పేరు జీతాల కాగితానికే పరిమితమైపోయింది. కొత్తగా వచ్చిన డ్రైవర్లకైతే ఆయనకు వేరే పేరుందని కూడా తెలియదు. అందరికీ ఆయన చెవి మేస్త్రీ.

అలాంటి చెవి మేస్త్రీకి రెండేళ్లుగా చెవులు వినిపించడం లేదు.

ఆ సంగతి ఆయన ఎవరి చెవినా వేయలేదు. ఇంట్లో టీవీ మోతకు గోడలు అదురుతున్నాయని భార్య రోజూ పోరు పెడుతుంటే, "ఈ టీవీ పాతదైపోయిందే" అని నింద దాని మీదికి నెట్టేవాడు. షెడ్డులో ఎవరైనా మాట్లాడితే పెదవుల వంక చూసేవాడు. అర్థం కాకపోతే "ఊఁ, చూద్దాం" అనేవాడు. నెరిసిన జుట్టుతో ఆ ముక్క అంటే ఎవరూ అనుమానపడరు. పైగా ఏదో లోతుగా ఆలోచిస్తున్నాడనుకుంటారు.

డీజిలు ఉన్నన్నాళ్లూ ఎలాగో గడిచింది. అది నోరున్న ఇంజను. దాని టకటక స్క్రూడ్రైవరు పట్టుకుని పుర్రెలోకి పాకేది. తక్కువ పడ్డది ఆయన పొగ రంగు చూసి, సైలెన్సరు ముందు అరచెయ్యి పెట్టి, డ్రైవరు మొహం చదివి పూరించుకునేవాడు. ఇంకో పద్నాలుగు నెలలు నెట్టుకొస్తే రిటైర్మెంటు. ఆ తర్వాత వినాల్సింది భార్య చెప్పేది ఒక్కటే, దానికి చెవులు అంతగా అక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే గ్యాసు వచ్చి నెత్తిన పడింది.

బస్సులన్నిటినీ సహజవాయువుకు మార్చాలని పై నుంచి ఉత్తర్వు. కొత్త బస్సులు కొనరు, ఉన్న ఇంజన్లనే మార్చాలి. డీజిలు పంపు పీకెయ్యాలి. ఇంజెక్టరు కూర్చున్న కన్నంలో స్పార్క్ ప్లగ్గు కూర్చోబెట్టాలి. డీజిలుకు కావలసినంత నొక్కుడు గ్యాసుకు పనికిరాదు కాబట్టి పిస్టన్ల నెత్తి తరిగి గుంట పెద్దది చెయ్యాలి. బస్సు కప్పు మీద గ్యాసు సిలిండర్లు వరసగా కట్టాలి. మొదటి ఇంజనుకే ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. నడుం వంచితే లేవదు, లేస్తే వంగదు. ముప్ఫై నాలుగేళ్లు తన చేత్తో బిగించినవన్నీ తన చేత్తోనే పీకి మూలన పడేస్తుంటే చేతులు కూడా సణుగుతున్నట్టే అనిపించేది.

గ్యాసు పని తెలిసిన మనిషిగా షెడ్డుకు పంపించింది ఎవరినో కాదు, ఆయన సొంత మేనకోడల్ని. చదువు పూర్తిచేసి, గ్యాసు ఇంజన్ల మీద ఏడాది శిక్షణ పొంది వచ్చింది. ఆరు నెలలు పరీక్ష కాలం, అది దాటితేనే ఉద్యోగం ఖాయం. నాలుగు నెలలు గడిచాయి. "కాస్త దాన్ని కనిపెట్టుకుని ఉండు అన్నయ్యా" అని చెల్లెలు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లింది. షెడ్డులో ఆ పిల్ల ఆయన్ని "మేస్త్రీ గారూ" అనేది. ఎవరూ లేనప్పుడు "మామయ్యా" అనేది. ఎలా పిలిచినా ముందు ఎదురుగా వచ్చి నిలబడి పిలిచేది. అలా ఎందుకో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

మొదటి రోజే ఆవిడ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి గోడ మీద బొమ్మ వేసి చెప్పింది. డీజిలు ఇంజను చప్పుడు చేస్తే అది దాని స్వభావం. గ్యాసు ఇంజను టకటకమంటే మాత్రం జబ్బు. లోపల గ్యాసు వేళకు మండకుండా పేలుతోందన్నమాట. అలా పేలితే పిస్టన్ కరిగిపోతుంది. మేస్త్రీ ముందు వరసలో కూర్చుని ఆవిడ పెదవుల మీంచి ప్రతి ముక్కా ఏరుకున్నాడు. అంతా అర్థమైంది. తలకు అర్థమైంది. చేతులు మాత్రం ఆ క్లాసుకు వచ్చినట్టు లేవు.

మొదటి ఇంజను తయారైన రోజు పొద్దున్నే మేనకోడలు టైమింగు సరిచేసింది. ప్లగ్గుల్లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే ప్లేటు అది. రెండు బోల్టులు వదులు చేస్తే ఇటూ అటూ జరుగుతుంది. సరైన చోట బిగించి, ప్లేటు మీంచి కింది ఇనుము మీదికి ఒక్క తెల్ల రంగు గీత గీసింది. పైన మూత పెట్టింది. ఇంజను స్టార్టు చేసి, మామయ్య ఎదురుగా వచ్చి, "ఇక మీదే ఆలస్యం" అంది.

సుత్తులు ఆగాయి. మేస్త్రీ స్క్రూడ్రైవరు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఏమీ లేదు.

మొన జరిపాడు. ఇంకో సిలిండరు, ఇంకోటి. ఎముకకు గుచ్చుకునేలా నొక్కాడు. ఎక్కడో దూరంగా సన్నటి వణుకు తప్ప ఏమీ లేదు. పొగ చూద్దామంటే పొగ లేదు. సైలెన్సరు ముందు చెయ్యి పెడితే వట్టి వెచ్చటి గాలి. డ్రైవరు మొహం చూద్దామంటే, గ్యాసు బండి నడపడం వాడికీ అదే మొదలు, వాడు ఈయన మొహమే చూస్తున్నాడు. ఇరవై మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"అందరూ వెళ్లి టీ తాగి రండి. కొత్త ఇంజను, నేను తీరిగ్గా వినాలి."

అందరూ కదిలారు. మేనకోడలు రెండు క్షణాలు ఆగి, ఆవిడా వెళ్లింది.

ఆయన మూత తీశాడు. రెండు బోల్టులు వదులు చేశాడు. ప్లేటును ముందుకు జరుపుతూ, ఒక చేత్తో థ్రాటిలు లాగుతూ, స్క్రూడ్రైవరుకు తల ఆనించి ఒంగున్నాడు. ఇంకొంచెం. మరికొంచెం. అప్పుడు పుర్రెలో టక్ మంది. మళ్లీ లాగాడు. టకటక, టకటక. అచ్చం పాత డీజిలు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. బొమ్మ వేసి మరీ చెప్పిన మాట ఆ క్షణంలో గుర్తు రాలేదని కాదు. గుర్తొచ్చింది. కానీ వినపడటంలోని సుఖం ముందు ఆ మాట ఆగలేదు. బోల్టులు బిగించి మూత పెట్టేశాడు.

జనం తిరిగొచ్చాక "పోనీ" అన్నాడు.

మూడు రోజులు బండి బాగానే తిరిగింది. నాలుగో రోజు మధ్యాహ్నం, నిండా జనంతో గట్టు ఎక్కుతుండగా ఢామ్మని ఆగిపోయింది. డ్రైవరు ఎలాగో పక్కకు తీసి నిలబెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రానికి ఇంకో బస్సు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది. హెడ్డు విప్పితే మూడో పిస్టన్ నెత్తి మీద వేలు దూరేంత కన్నం, చుట్టూ అల్యూమినియం కరిగి కారి గడ్డకట్టి ఉంది.

మేనకోడలు టైమింగు మూత తీసింది. తెల్ల గీత రెండు ముక్కలై, పై ముక్క ఒకచోట, కింది ముక్క ఒకచోట ఉంది. ఆవిడ దాని వంక చూసింది. తలెత్తి మామయ్య వంక చూసింది. మూత మళ్లీ పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఫోను మోగితే భార్య ఎత్తింది. ఫోనులో ఆయనకు ముక్క కూడా వినపడదు కాబట్టి ఎప్పుడూ ఆవిడే ఎత్తుతుంది. పెట్టేశాక దగ్గరికొచ్చి గట్టిగా చెప్పింది.

"మీ చెల్లెలు. పిల్లని కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నారట మీరు. పెద్దదిక్కంటే అన్నయ్యే అంటోంది."

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఒళ్లంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది. పద్నాలుగు నెలలు. అంతే కదా అడిగింది. నిజం చెప్తే షెడ్డులో ఇంకెవరూ తన కోసం సుత్తి ఆపరు. ఇన్నాళ్ల "పోనీ"లన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి నిలదీస్తాయి. చెప్పకపోతే? ఎవరూ చూడలేదు. ఆ పిల్ల తప్ప ఎవరికీ తెలియదు. తనకే సిగ్గేసింది, ఆ ఆలోచన అంత తేలిగ్గా వచ్చినందుకు.

మర్నాడు పొద్దున సూపరింటెండెంటు గదికి ఇద్దరినీ పిలిచారు. ఆయన మంచివాడే, కానీ పైవాళ్ల ఫోన్లతో రాత్రంతా నిద్ర లేక మొహం పీక్కుపోయింది. బల్ల మీద నివేదిక కాగితం, దాని పక్కన కన్నం పడ్డ పిస్టన్.

"రాత్రి నేనే మూత తీసి చూశాను. గీత పెట్టాక టైమింగు కదిపారు. ఎవరు?"

మేస్త్రీకి ఆ పెదవులు స్పష్టంగా కనిపించాయి. పక్కన మేనకోడలి పెదవులు ఇంకా స్పష్టంగా కనిపించాయి.

"నేనే సార్. పికప్పు తక్కువనిపించి కాస్త ముందుకు జరిపాను. నాదే తప్పు."

సూపరింటెండెంటు తల అడ్డంగా ఊపి కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. తప్పు చేసినవాడు పక్కనే నిలబడి ఉంటే ఎంత చక్కగా అబద్ధం చెప్పింది! మేస్త్రీకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ కోపమే మాట తెచ్చింది.

"అది అబద్ధం చెప్తోంది సార్. కదిపింది నేను."

పెన్ను ఆగింది.

"ఇంజను చప్పుడు నాకు వినపడలేదు. వినపడేదాకా జరిపాను. దాని తప్పేం లేదు, అది పెట్టినచోటే ఉంచుంటే బండి ఇప్పుడు కూడా తిరుగుతుండేది."

సూపరింటెండెంటు లేచాడు. కిటికీ దగ్గరికెళ్లి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి, ఏదో అంటున్నాడు. చాలాసేపు అన్నాడు. అది తిట్టో, ఉద్వాసనో, జాలో, మేస్త్రీకి తెలియలేదు. మేనకోడలి మొహం చూస్తే అందులోనూ ఏమీ దొరకలేదు. నాలుక చివరికి "ఊఁ, చూద్దాం" వచ్చి నిలబడింది. రెండేళ్లుగా నమ్మకంగా పనిచేసిన ముక్క.

దాన్ని మింగేశాడు.

"సార్, కాస్త ఇటు తిరిగి చెప్పండి. నాకు చెవులు వినపడవు."

సూపరింటెండెంటు తిరిగాడు. తర్వాత బల్ల దాటి దగ్గరికొచ్చి, ఒక్కో మాటా విడిగా, గట్టిగా చెప్పాడు.

"అమ్మాయి పేరు కొట్టేస్తున్నాను. మీ పేరు రాస్తున్నాను. ఇక మీదట మీరు బండ్లు వదలొద్దు. పైవాళ్లు ఇంకేమంటారో నాకు తెలీదు. సంతకం పెట్టండి."

మేస్త్రీ పెట్టాడు. తన పేరు పూర్తిగా రాసుకుని చాలాకాలమైంది, మధ్యలో ఒక అక్షరం దగ్గర చెయ్యి తడబడింది.

షెడ్డులోకి దిగారు. పని జోరు మీదుంది. రెండో ఇంజను స్టాండు మీద తయారుగా ఉంది, దాని పక్కన ఆయన స్క్రూడ్రైవరు ఎవరో తుడిచి పెట్టారు. మేనకోడలు అలవాటుగా ముందుకు నడిచి ఆయన ఎదురుగా తిరిగింది. పెదవులు కదిలాయి. కళ్లలో నీళ్లు నిండి ఆయనకు ఆ పెదవులు మసకబారాయి. చెయ్యి చెవి దగ్గర పెట్టి, వినపడలేదన్నట్టు తలాడించాడు. ఆవిడ చెవి పక్కకు వచ్చి ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"ఎన్నాళ్ల నుంచి మామయ్యా?"

"రెండేళ్లయిందే!" అన్నాడు ఆయన.

తను ఎంత గట్టిగా అన్నాడో ఆయనకు తెలియదు. షెడ్డు ఆ చివర చక్రం విప్పుతున్నవాడు కూడా తలెత్తాడు. ఒక్కొక్క సుత్తే ఆగిపోయింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆయన వినడం కోసం ఎలా ఆగేవో అలాగే ఆగాయి. మేస్త్రీకి మాత్రం ముందుకీ ఇప్పటికీ ఏమీ తేడా తెలియలేదు. ఆగిన చేతుల్ని చూసి, ఆగాయని అర్థం చేసుకున్నాడు.

"మీ పని మీరు కానివ్వండి" అని చెప్పి, వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు.